ఎయిర్ పిస్టల్‌తో ఢిల్లీ ఫ్లైట్: సిలిండర్, పెల్లెట్లు, గన్ కేస్ ఎలా ప్యాక్ చేయాలి?

#1 అమ్ము వాళ్ళ అమ్మ (కొంపల్లి)

నమస్తే అందరికీ. మా అమ్మాయికి పదిహేనేళ్ళు. మూడేళ్ళ నుంచి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. ఈసారి నేషనల్స్‌కి క్వాలిఫై అయింది. పోటీ ఢిల్లీలో, తుగ్లకాబాద్ దగ్గరున్న కర్ణీసింగ్ రేంజ్‌లో. ఇన్నాళ్ళూ పోటీలంటే గచ్చిబౌలి రేంజే, బయటి ఊరికి వెళ్తే కారులోనే. పిస్టల్‌తో విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. వాళ్ళ నాన్న ఉద్యోగం దుబాయ్‌లో, కాబట్టి తీసుకెళ్ళేది నేనొక్కదాన్నే.

రెండు రోజుల నుంచి నిద్ర పట్టడం లేదు. ఎయిర్‌లైన్ కస్టమర్ కేర్‌కి మూడుసార్లు ఫోన్ చేస్తే ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. ఒకరు లైసెన్స్ ఉండాలన్నారు. ఇంకొకరు బొమ్మ తుపాకీ కిందే లెక్క, సూట్‌కేస్‌లో పెట్టేయండి అన్నారు. మూడో ఆయన సిలిండర్ (పిస్టల్‌కి బిగించే గాలి గొట్టం) అనే మాట వినగానే అసలు కుదరదన్నారు. సిలిండర్ లేకపోతే పిస్టల్ పేలదు కదండీ!

పిస్టల్, సిలిండర్, నాలుగు డబ్బాల పెల్లెట్లు (చిన్న సీసపు గుళ్ళు) ఎలా సర్దాలి? కౌంటర్ దగ్గర ఏం చెప్పాలి? ఏ కాగితాలు అడుగుతారు? వెళ్ళొచ్చినవాళ్ళు దయచేసి వివరంగా చెప్పండి.

#2 పది పాయింట్ తొమ్మిది (హైదరాబాద్)

ముందుగా అమ్ముకి అభినందనలు అక్కా. నేను ఎయిర్ రైఫిల్ షూటర్‌ని. ఢిల్లీ, భోపాల్, తిరువనంతపురం కలిపి పది పన్నెండుసార్లు విమానంలో గన్ తీసుకెళ్ళాను.

లైసెన్స్ సంగతి ముందు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం .177 బోర్ (గొట్టం లోపలి వెడల్పు .177 అంగుళం, అంటే 4.5 మి.మీ.) లోపు, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు. పోటీల్లో వాడే 4.5 మి.మీ. గన్‌కి ఎనిమిది జౌల్స్ కూడా దాదాపు ఉండదు. కానీ లైసెన్స్ అక్కర్లేదంటే కాగితాలే అక్కర్లేదని కాదు. కౌంటర్‌లో కూర్చున్న అబ్బాయికి ఇది ఎయిర్ పిస్టల్ అని చూడగానే తెలియదు. కాబట్టి ఇవి ఫైల్‌లో పెట్టుకోండి: పిస్టల్ కొన్న బిల్లు, రైఫిల్ అసోసియేషన్ ఐడీ కార్డు, పోటీ ఎంట్రీ కాగితం, పిస్టల్ నంబరు రాసి రాష్ట్ర అసోసియేషన్ ఇచ్చే లెటర్. అన్నీ రెండేసి జిరాక్సులు. ఒక సెట్ వాళ్ళు ఉంచుకుంటారు.

పిస్టల్‌తో పాటు వచ్చిన గట్టి ప్లాస్టిక్ కేసు చాలు. నా రైఫిల్‌కైతే మొదట్లో మెత్తటి బ్యాగే ఉండేది. ఒకసారి ఢిల్లీలో దిగి తెరిచి చూస్తే భుజానికి ఆనించే బట్ ప్లేట్ వంగిపోయి ఉంది. అప్పటి నుంచి ఫోమ్ వేసిన గట్టి కేసే వాడుతున్నాను. బ్యారెల్‌లో ఆరెంజ్ సేఫ్టీ ఫ్లాగ్ (లోపల ఖాళీ అని చూపే రంగు తాడు) తప్పనిసరిగా పెట్టండి. కేసు తెరవగానే ఆ రంగు కనబడితే సగం ప్రశ్నలు అక్కడే ఆగిపోతాయి.

పెల్లెట్లలో తుపాకీ మందు ఉండదు, ఉత్త సీసం. అవి కూడా చెకిన్ బ్యాగులోనే వేయండి, హ్యాండ్ బ్యాగులో వద్దు. మూత మీద టేప్ చుట్టండి. డబ్బాలో ఖాళీ ఉంటే పలుచటి స్పాంజి ముక్క పెట్టి మూత వేయండి. లేకపోతే ఒకదానికొకటి తగిలి అంచులు నొక్కుకుపోతాయి. పోటీ కోసం ఏరి పెట్టుకున్న పెల్లెట్లు అలా పాడైతే పిల్ల ఏడుస్తుంది.

#3 మాచర్ల కుర్రాడు

అక్కా, ఇంత టెన్షన్ ఎందుకు? లైసెన్స్ అక్కర్లేని వస్తువు. పెద్ద సూట్‌కేస్‌లో బట్టల మధ్య పెట్టి చెకిన్ చేసేయండి. నేను రెండుసార్లు అలాగే బెంగళూరు వెళ్ళాను, ఎవరూ అడగలేదు. మీరే నోరు తెరిచి పిస్టల్ అంటే వాళ్ళు పది మందిని పిలుస్తారు. ఫ్లైట్ మిస్ అవుతుంది.

#4 కౌంటర్ అవతల (శంషాబాద్)

పై సలహా దయచేసి ఎవరూ పాటించకండి. నేను ఒక ఎయిర్‌లైన్‌లో చెకిన్ కౌంటర్ మీద ఆరేళ్ళు పనిచేశాను. ఇప్పుడు మానేశాను కాబట్టి అవతలి వైపు ఏం జరుగుతుందో చెప్తాను.

మీ సూట్‌కేస్ బెల్ట్ మీద వెళ్ళాక లోపల ఎక్స్‌రే అవుతుంది. స్క్రీన్ మీద చూసేవాళ్ళకి కనబడేది పిస్టల్ ఆకారం. అది ఎయిర్ పిస్టలా, నిజం పిస్టలా అన్నది ఆ బొమ్మలో తేలదు. వెంటనే బ్యాగు ఆపుతారు. మైకులో మీ పేరు పిలుస్తారు. అప్పటికి మీరు సెక్యూరిటీ దాటి గేటు దగ్గర కాఫీ తాగుతూ ఉంటారు. మిమ్మల్ని వెనక్కి తీసుకొచ్చి అందరి ముందు బ్యాగు తెరిపిస్తారు. అప్పుడు మీరు చెప్పే ప్రతి మాటా సంజాయిషీలాగే వినబడుతుంది. అదే కాగితాలు, అదే పిస్టల్, కౌంటర్ దగ్గర ముందే చెప్తే మామూలు పని.

మాకు చిరాకు తెప్పించేది ఆయుధం కాదు. ఆలస్యంగా వచ్చి ఆయుధం ఉందని చెప్పడం. ఎందుకంటే మేం సూపర్‌వైజర్‌ని పిలవాలి, సెక్యూరిటీ మనిషి రావాలి, ఖాళీగా ఉందో లేదో చూడాలి, డిక్లరేషన్ ఫారం నింపించాలి, కాగితాలు సరిపోల్చాలి, ఆ కేసుని మామూలు బెల్ట్ మీద కాకుండా మనిషి చేత పంపాలి. ఇదంతా ముప్పై నిమిషాల నుంచి గంట పని. మూడు గంటల ముందు రండి. టికెట్ బుక్ చేసిన రోజే ఎయిర్‌లైన్‌కి మెయిల్ రాసి, వాళ్ళ జవాబు ప్రింట్ తీసి పెట్టుకోండి. ఫోన్‌లో చెప్పింది కౌంటర్‌లో ఎవరూ ఒప్పుకోరు. మెయిల్ అయితే ఒప్పుకుంటారు. ఆయుధం తీసుకెళ్ళడానికి కొన్ని ఎయిర్‌లైన్స్ విడిగా రుసుము తీసుకుంటాయి, అది కూడా ఆ మెయిల్‌లోనే అడగండి.

ఇంకో మాట. క్యూలో నిలబడి గట్టిగా "మా దగ్గర గన్ ఉంది" అనకండి. మీ వంతు వచ్చాక ఫైల్ కౌంటర్ మీద పెట్టి, "మా అమ్మాయి షూటింగ్ ప్లేయర్, స్పోర్ట్స్ ఎయిర్ పిస్టల్ చెకిన్ చేయాలి, డిక్లేర్ చేస్తున్నాం" అనండి. అంతే చాలు.

#5 పాత రైఫిల్ (సికింద్రాబాద్)

ఈ టాపిక్ వేరేవాళ్ళు కూడా చదువుతారు కాబట్టి అసలు తుపాకీ, తూటాల సంగతి కూడా రాస్తాను. నేను .22 రైఫిల్ షూటర్‌ని, వయసు అరవై దాటింది.

లైసెన్స్ ఉన్న ఆయుధమైతే ఒరిజినల్ లైసెన్స్ చేతిలో ఉండాలి, జిరాక్స్ చెల్లదు. లైసెన్స్ ఏ ప్రాంతానికి చెల్లుతుందో చూసుకోండి. ఒక్క రాష్ట్రానికే ఉంటే దానితో ఢిల్లీలో దిగడం నేరం. మా మిత్రుడొకరు బయల్దేరే ముందు రోజు రాత్రి ఇది గమనించి, తుపాకీ ఇంట్లో వదిలేసి వట్టి చేతులతో వచ్చారు. అక్కడ వేరేవాళ్ళ రైఫిల్‌తో పోటీ చేశారు. ఆయన బాధ నేను కళ్ళారా చూశాను.

రైఫిల్ బోల్ట్ (తూటాని లోపలికి నెట్టి మూసే భాగం) తీసి విడిగా పెడతాను. తూటాలు, తుపాకీ ఒకే చోట ఉంచను. తూటాలు కంపెనీ డబ్బాలోనే ఉండాలి. .22 తూటాలు డబ్బాకి 50 వస్తాయి, లోపల ఒక్కోటి ఒక్కో గుంటలో కదలకుండా కూర్చుంటుంది. కవర్‌లో పోసి తెచ్చేవాళ్ళని చూశాను, అది ప్రమాదం. తూటా వెనక అంచు మీద గట్టి దెబ్బ తగిలితే పేలుతుంది.

ప్రయాణికుడికి అంతర్జాతీయంగా ఉన్న పరిమితి డబ్బాలతో కలిపి 5 కిలోలు. అది సొంత వాడకానికే, ఇద్దరి కోటా కలిపి ఒకే ప్యాకెట్‌లో పెట్టకూడదు. మన ఎయిర్‌లైన్స్ కొన్ని అంతకంటే తక్కువే ఒప్పుకుంటాయి, సంఖ్య ముందే మెయిల్‌లో రాయించుకోండి. విడి మందు, ప్రైమర్లు (తూటాలో మందుని అంటించే చిన్న మూతలు) ప్రయాణికుల సామాన్లలో అస్సలు పనికిరావు.

ఎన్నికల సమయంలో ప్రయాణం పడితే మరో చిక్కు. లైసెన్స్ ఆయుధాలన్నీ స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు. పోటీల్లో పాల్గొనే షూటర్లకి మినహాయింపు ఉంది కానీ అది అడిగి, రాతపూర్వకంగా తెచ్చుకోవాలి.

#6 అమ్ము వాళ్ళ అమ్మ (కొంపల్లి)

అందరికీ చాలా థాంక్స్. కౌంటర్ అవతల గారూ, మీరు రాసిన వాక్యం నోటుబుక్‌లో రాసుకున్నాను. ఈరోజే ఎయిర్‌లైన్‌కి మెయిల్ పెట్టాను.

సిలిండర్ సంగతి ఇంకా అర్థం కాలేదు. గాలి తీసేసి ఖాళీగానే తీసుకెళ్ళాలని కోచ్ అన్నారట, అది ఎలా? దాని మీద ఒత్తిడి చూపే మీటరు ఇప్పుడు 160 బార్ దగ్గర ఉంది. పిల్ల రేంజ్‌లో కోచ్ చేత చేయిస్తానంటోంది. నేను కూడా నేర్చుకోవాలి కదా, తిరుగు ప్రయాణంలో మళ్ళీ ఖాళీ చేయాలి.

#7 పది పాయింట్ తొమ్మిది (హైదరాబాద్)

తప్పకుండా నేర్చుకోండి అక్కా, కష్టమేం కాదు. మొదటిసారి మాత్రం కోచ్ ఎదురుగా చేయండి.

సిలిండర్‌ని పిస్టల్ నుంచి మర తిప్పి విడదీయండి. పిస్టల్ పెట్టెలోనే చిన్న ఇత్తడి స్క్రూ లాంటిది ఒకటి ఇస్తారు, గాలి తీయడానికి. అది బిగించే వైపు మీ ముఖానికి గానీ, పిల్ల వైపు గానీ ఉండకూడదు. కళ్ళద్దాలు పెట్టుకోండి. మెల్లగా, పావు మర కూడా కాదు, అంతకంటే తక్కువ తిప్పితే చాలు, బుస్సుమని గాలి రావడం మొదలవుతుంది. అక్కడే ఆపి వదిలేయండి. సిలిండర్ చల్లబడుతుంది. తేమగా ఉన్న రోజు అయితే బయట నీటి బొట్లు కడతాయి, వేళ్ళు జివ్వుమంటాయి. భయపడకండి, గాలి వ్యాకోచిస్తే చల్లబడడం సహజం. ఒక గుడ్డతో పట్టుకోండి. ముల్లు 160 నుంచి 100, 50, అలా దిగి సున్నా దగ్గర ఆగుతుంది. చప్పుడు ఆగాక కూడా ఒక నిమిషం అలాగే ఉంచి తర్వాత స్క్రూ తీయండి.

తొందరపడి ఒకేసారి తెరవద్దు. లోపలి రబ్బరు రింగులు పాడవుతాయి.

కేసులో సిలిండర్‌ని పిస్టల్‌కి బిగించకుండా విడిగా, మీటరు పైకి కనబడేలా పెట్టండి. సెక్యూరిటీ వాళ్ళు మొదట చూసేది ఆ సున్నానే. సిలిండర్ మీద తయారీ తేదీ కూడా చూడండి. పదేళ్ళు దాటితే పోటీలో కూడా ఒప్పుకోరు.

గాలి నింపే అడాప్టర్ మర్చిపోకండి! రేంజ్‌లో పెద్ద సిలిండర్ ఉంటుంది కానీ మీ కంపెనీ అడాప్టర్ వాళ్ళ దగ్గర ఉండకపోవచ్చు.

#8 రామచంద్రాపురం ఇంజినీర్

ఖాళీ చేయమనడం వెనక కారణం చాలామంది తప్పుగా అనుకుంటారు, అందుకే రాస్తున్నాను. పైకి వెళ్ళాక బయటి ఒత్తిడి తగ్గి సిలిండర్ పేలిపోతుందని భయపడనక్కర్లేదు. ప్రయాణికుల విమానంలో సామాన్ల గదిలో కూడా దాదాపు క్యాబిన్‌లో ఉన్నంత ఒత్తిడే ఉంటుంది. నేల మీదికీ అక్కడికీ తేడా పావు బార్ దరిదాపు. 200 బార్ పట్టే సిలిండర్‌కి అది లెక్కలోది కాదు.

అసలు సంగతి వేరు. లోపల ఎంత ఒత్తిడి ఉందో, వాల్వ్ ఎలా ఉందో, దెబ్బ తగిలితే తట్టుకుంటుందో లేదో కౌంటర్‌లో ఉన్న మనిషి తేల్చలేడు. నిండు సిలిండర్ వాల్వ్ విరిగితే అది రాకెట్‌లా దూసుకుపోతుంది. అందుకే ఒత్తిడిలో ఉన్న గ్యాసుని ప్రమాదకర వస్తువుల జాబితాలో పెట్టారు. ఖాళీ అయితే అది ఉత్త లోహపు గొట్టం.

#9 గుంటూరు ట్రాప్

మా షాట్‌గన్ వాళ్ళ కష్టం కూడా కొంచెం వినండి. 12 బోర్ తూటాలు డబ్బాకి 25. ఒక్క తూటాలో 24 గ్రాముల సీసం, ఆపైన మందు, తొడుగు, అడుగున ఇత్తడి. డబ్బా దాదాపు కిలో తూగుతుంది. అంటే 5 కిలోల్లో ఐదు డబ్బాలు, మహా అయితే 125 తూటాలు. ట్రాప్ (గాలిలోకి ఎగిరే మట్టి బిళ్ళలని కొట్టే పోటీ) క్వాలిఫికేషన్‌లో 125 టార్గెట్లు, ఒక్కోదానికి రెండు తూటాలు పేల్చే అవకాశం ఉంది. ప్రాక్టీస్ మాట పక్కన పెట్టండి, పోటీకే చాలవు. అందుకే తుపాకీ మాత్రం విమానంలో తెచ్చుకుని, తూటాలు అక్కడే లైసెన్స్ మీద కొనుక్కునే ఏర్పాటు ముందే చేసుకుంటాం.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. మా షూటింగ్ కోటుకి పెద్ద పెద్ద జేబులు ఉంటాయి. మ్యాచ్ అయ్యాక వాటిలో ఒక తూటా మిగిలిపోతుంది. నా కోటు జేబు లోపలి కుట్టు ఊడి, తూటా ఒకటి అస్తరులోకి జారిపోయింది. నాలుగు నెలలు అక్కడే ఉంది. ఇంట్లో మా ఆవిడ ఉతకడానికి తీసినప్పుడు చేతికి గట్టిగా తగిలింది. ఆ నాలుగు నెలల్లో ఆ కోటు వేసుకుని ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళి ఉంటే ఏమయ్యేదో! అప్పటి నుంచి ప్రతి ప్రయాణం ముందు జేబులన్నీ బయటికి తిరగేసి, అస్తరు మొత్తం వేళ్ళతో నొక్కి చూస్తాను. రేంజ్‌కి వాడే బ్యాగుని హ్యాండ్ బ్యాగేజ్‌గా ఎప్పుడూ తీసుకెళ్ళను. మందు తుప్పర అంటుకున్న బ్యాగుని గుడ్డతో తుడిచి మెషీన్‌లో పెడితే అలారం మోగవచ్చు.

#10 డాలస్ తెలుగోడు

అమెరికా సంగతి అడిగేవాళ్ళ కోసం. నేను ఇక్కడ సిటిజన్‌ని, టార్గెట్ షూటింగ్ అలవాటు. ఓహాయోలోని క్యాంప్ పెర్రీలో 1907 నుంచి జాతీయ పోటీలు జరుగుతున్నాయి, దానికోసం రైఫిల్‌తో విమానంలో వెళ్ళాను.

ఇక్కడ టీఎస్‌ఏ (ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ చూసే ప్రభుత్వ సంస్థ) నియమాలు స్పష్టంగా ఉన్నాయి. తుపాకీలో తూటా ఉండకూడదు. గట్టి పెట్టెలో తాళం వేసి ఉండాలి. చెకిన్ మాత్రమే. కౌంటర్ దగ్గర నోటితో చెప్పాలి, వాళ్ళు ఇచ్చే కార్డు మీద సంతకం పెట్టాలి. తాళంచెవి మన దగ్గరే ఉండాలి. తాళం దగ్గర చాలామంది పొరపాటు చేస్తారు. పెట్టె మధ్యలో ఒకే తాళం వేస్తారు. మూల పట్టుకుని పైకి లాగితే చెయ్యి దూరేంత సందు వస్తుంది. అలాంటి పెట్టె చెల్లదు. నేను రెండు మూలలకీ రెండు తాళాలు వేసి, కౌంటర్‌కి వెళ్ళే ముందు మూలలు లాగి చూసుకుంటాను. కొన్నప్పుడు వచ్చిన పెట్టె అన్నిసార్లూ సరిపోదు.

తూటాలు వాటి కోసం చేసిన డబ్బాల్లో ఉండాలి, పెద్ద ఎయిర్‌లైన్స్‌లో 11 పౌండ్లు, అంటే అదే 5 కిలోలు.

ఇంత తేలిగ్గా ఉన్నా, 2024లో అమెరికా ఎయిర్‌పోర్ట్ చెక్‌పోస్టుల్లో 6,678 తుపాకులు దొరికాయి. వాటిలో నూటికి 94 తూటాలు నింపి ఉన్నవే. దాదాపు అందరూ చెప్పే మాట ఒకటే, "బ్యాగులో ఉన్న సంగతి మర్చిపోయాను" అని. వేల డాలర్ల జరిమానా పడుతుంది, కొన్ని రాష్ట్రాల్లో అరెస్టు కూడా.

ఇంకొకటి, కనెక్టింగ్ ఫ్లైట్ ఏ రాష్ట్రంలో దిగుతుందో చూసుకోవాలి. 2005లో ఉటా నుంచి పెన్సిల్వేనియా వెళ్తున్న ఒకాయన తుపాకీని చట్టప్రకారమే డిక్లేర్ చేసి చెకిన్ చేశాడు. న్యూజెర్సీలోని న్యూవర్క్‌లో కనెక్షన్ తప్పింది. సామాను తీసుకుని రాత్రి హోటల్‌లో పడుకున్నాడు. పొద్దున మళ్ళీ నిజాయితీగా కౌంటర్‌లో చెప్పాడు. న్యూజెర్సీ చట్టం కింద అక్కడే అరెస్టు చేశారు. తర్వాత ఆయన కోర్టుకి వెళ్తే 2010లో అప్పీలు కోర్టు కూడా ఆయనకి వ్యతిరేకంగానే తీర్పు ఇచ్చింది. హోటల్‌లో ఉన్నంతసేపూ తుపాకీ ఆయన చేతికి అందే చోట ఉంది కాబట్టి, 1986 ఫెడరల్ చట్టం ఇచ్చే ప్రయాణ రక్షణ వర్తించదంది. కాబట్టి అక్కడ ఫ్లైట్ తప్పితే ఆ పెట్టె మీ చేతికి తీసుకోకండి, ఎయిర్‌లైన్ దగ్గరే ఉంచమని అడగండి. నేనైతే న్యూయార్క్, న్యూజెర్సీ మీదుగా టికెట్టే తీసుకోను.

#11 కొలంబస్ కొత్త

అన్నా, నేను హెచ్‌1బీ మీద ఉన్నాను. ఆఫీసు ఫ్రెండ్స్‌తో టెక్సాస్ ట్రిప్ వేశాం. వాళ్ళ గన్ ఒకటి నా బ్యాగులో పెడతామంటున్నారు, వాళ్ళకి బరువు ఎక్కువైందట. పెట్టుకోవచ్చా?

#12 డాలస్ తెలుగోడు

తమ్ముడూ, వద్దు. అసలు ముట్టుకోవద్దు. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు, అంటే హెచ్‌1బీ, ఎఫ్‌1 లాంటివాళ్ళు, తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొద్ది మినహాయింపులున్నాయి. వాటిలో ఒకటి, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ ఉండడం. మన పిల్లలు చాలామందికి ఇది తెలియక సరదాగా రేంజ్‌కి వెళ్ళి ఫొటోలు దిగి ఫేస్‌బుక్‌లో పెడతారు. నీ బ్యాగులో ఉండి నీ పేరుతో డిక్లేర్ చేస్తే అది నీ దగ్గర ఉన్నట్టే. ఉద్యోగం, వీసా, గ్రీన్ కార్డు అన్నీ పణంగా పెట్టినట్టు. మొహమాటపడకుండా కాదని చెప్పు.

#13 వరంగల్ వకీల్

మర్చిపోయిన తూటా గురించి ట్రాప్ గారు రాసింది చదివి నాకు మా క్లయింట్ ఒకరు గుర్తొచ్చారు. వివరాలు మార్చి చెప్తాను. ఆయనకి తుపాకీ లేదు. చనిపోయిన తండ్రిగారికి లైసెన్స్ ఉండేది. తండ్రి వాడిన తోలు బ్యాగు బాగుందని తీసుకుని ఆఫీసు పని మీద ముంబయి బయల్దేరారు. ఎక్స్‌రేలో బ్యాగు ఆపారు. అడుగున అట్ట కింద ఒకే ఒక్క తూటా ఉంది. పచ్చగా మసకబారిపోయింది, ఎన్నేళ్ళదో కూడా తెలియదు.

ఆయుధ చట్టం 1959 సెక్షన్ 3 ప్రకారం తుపాకీకే కాదు, తూటాకీ లైసెన్స్ ఉండాలి. లేకపోతే సెక్షన్ 25 కింద కేసు, జైలు శిక్ష. ఆ రోజు ఫ్లైట్ పోయింది. ఎఫ్‌ఐఆర్ అయింది. తర్వాత హైకోర్టుకి వెళ్ళి కేసు కొట్టేయించాం. 1972లోనే సుప్రీంకోర్టు చెప్పింది, ఆయుధం "దగ్గర ఉండడం" అంటే తన దగ్గర ఉందన్న ఎరుక కూడా ఉండాలని. తుపాకీ లేకుండా ఒక్క తూటా తెలియక మిగిలిపోయిన కేసులు హైకోర్టులు చాలా కొట్టేశాయి. కానీ ఆ తీర్పు వచ్చేదాకా పడే అవస్థ చిన్నది కాదు. ఈలోగా ఆయన పాస్‌పోర్ట్ రెన్యువల్ ఆగిపోయింది. కేసు ఉందా అని ప్రతి ఫారంలోనూ అడుగుతారు కదా.

అందుకని ఇంట్లో ఎవరికైనా లైసెన్స్ ఉన్నా, ఒకప్పుడు ఉండి ఉన్నా, పాత బ్యాగులు, కోట్లు వెతకకుండా ఎయిర్‌పోర్ట్‌కి తీసుకెళ్ళకండి. బుల్లెట్ కీచైన్లు, ఖాళీ తొడుగులు కూడా ఇంట్లోనే వదిలేయండి. దొరికిందే అనుకోండి, అబద్ధం చెప్పకండి. ఆ బ్యాగు ఎవరిదో, ఎలా వచ్చిందో ఉన్నది ఉన్నట్టు చెప్పి రాయించండి. మొదటి వాంగ్మూలంలో ఉన్న మాటే హైకోర్టులో ఆయన్ని కాపాడింది.

మాచర్ల తమ్ముడికి ఒక మాట. లైసెన్స్ అక్కర్లేని వస్తువు నేరం కాదు, నిజమే. కానీ విమానంలోకి ఏది ఎలా రావాలో చెప్పే నిబంధనలు వేరు, ఆయుధ చట్టం వేరు. ఒకదానిలో తప్పు లేదని రెండోదానిలో తప్పు లేనట్టు కాదు.

#14 మాచర్ల కుర్రాడు

సరే వకీల్ గారూ, ఒప్పుకుంటాను. నాది స్ప్రింగ్ గన్, సిలిండర్ ఉండదు, అందుకే అలా రాశాను. కానీ డిక్లేర్ చేసినా గంటసేపు పక్కన నిలబెట్టి దొంగని చూసినట్టు చూస్తారు, అది కూడా నిజమే. క్రీడాకారులకి విడిగా ఒక కౌంటర్ ఉంటే ఎంత బాగుంటుంది!

#15 జర్మనీ వెళ్ళొచ్చాం (విశాఖ)

మా అబ్బాయి జూనియర్ పోటీకి జర్మనీలో జూల్ అనే ఊరికి వెళ్ళాడు. విదేశం అయితే ఆ దేశం అనుమతి ముందే రావాలి. జాతీయ రైఫిల్ అసోసియేషన్ ద్వారా ఫారం పంపిస్తారు. అందులో గన్ కంపెనీ, బోర్, సీరియల్ నంబర్, ఎన్ని తూటాలు, ఏ ఫ్లైట్‌లో వస్తున్నారు, అన్నీ రాయాలి.

మా ఫారంలో సీరియల్ నంబర్‌లో సున్నాకి బదులు ఇంగ్లిష్ "ఓ" అక్షరం పడింది. ఎవరం గమనించలేదు. అక్కడ దిగాక ఆఫీసర్ టార్చ్ వేసి బ్యారెల్ మీద నంబరు చదివి, కాగితం చూసి, మళ్ళీ బ్యారెల్ చూశాడు. ఆ ఒక్క అక్షరం కోసం రెండు గంటలు ఆపారు. పిల్లవాడి ముఖం పాలిపోయింది. నిర్వాహకులతో ఫోన్‌లో మాట్లాడాక వదిలారు. అమ్ము అమ్మ గారూ, మీది దేశం లోపలే అయినా లెటర్‌లో ఉన్న నంబరు, పిస్టల్ మీద ఉన్న నంబరు ఒక్కో అంకె వేలుపెట్టి సరిచూసుకోండి.

#16 కౌంటర్ అవతల (శంషాబాద్)

ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఉన్న పిస్టల్ అయితే ఒక విషయం. స్పేర్ లిథియం బ్యాటరీలు చెకిన్‌లో వేయకూడదు, అవి మాత్రం హ్యాండ్ బ్యాగులోనే. అలెన్ కీలు, స్క్రూడ్రైవర్లు చెకిన్‌లో. పిస్టల్ చెక్క గ్రిప్పు విరుగుతుందని కొందరు హ్యాండ్ బ్యాగులో పెడతారు. పిడి ఆకారం చూస్తే ఆపేస్తారు, దాన్ని కూడా కేసులోనే ఉంచండి.

#17 అమ్ము వాళ్ళ అమ్మ (కొంపల్లి)

ఢిల్లీ వెళ్ళి నిన్న రాత్రి తిరిగొచ్చాం. మీ అందరికీ చెప్పకుండా ఉండలేను, అందుకే లేవగానే రాస్తున్నాను.

శంషాబాద్‌కి మూడున్నర గంటల ముందే చేరాం. కౌంటర్‌లో అమ్మాయి చిన్నపిల్ల, నేను నోటుబుక్‌లో రాసుకున్న వాక్యం అలాగే చెప్పాను. ఆమె ఒక్క క్షణం నావైపు చూసి, "కాగితాలు ఉన్నాయా మేడం?" అంది. ఫైల్ ఇచ్చాను. మెయిల్ ప్రింట్ మొదటి పేజీలో పెట్టడం చాలా మంచిదైంది, సూపర్‌వైజర్ అది చదివాకే మిగతావి తిప్పారు. తర్వాత సెక్యూరిటీ ఆయన వచ్చారు. నన్ను కాదు, పిల్లనే అడిగారు, "బేటా, ఖోల్కే దిఖావో" అని. అమ్ము కేసు తెరిచింది. ఆరెంజ్ ఫ్లాగు చూపించింది, లోడింగ్ గేటు తెరిచి వేలు పెట్టి ఖాళీ అని చూపించింది, సిలిండర్ తీసి మీటరు ఆయన వైపు తిప్పింది. చెయ్యి కొంచెం కూడా వణకలేదు. నాకే కాళ్ళు వణుకుతున్నాయి. ఆయన మీటరు దగ్గరగా చూసి, "ఎంత దూరం నుంచి కొడతావు?" అని అడిగారు. పది మీటర్లంది. "ఆల్ ది బెస్ట్" అని డిక్లరేషన్ మీద సంతకం పెట్టారు. మొత్తం నలభై నిమిషాలు.

ఢిల్లీలో మాత్రం బాగా కంగారుపడ్డాను. మా సూట్‌కేసులు బెల్ట్ మీద వచ్చేశాయి, పిస్టల్ కేసు రాలేదు. బెల్ట్ ఆగిపోయింది. పిల్ల అక్కడే నేల మీద కూర్చుంది. పావుగంట తర్వాత ఎయిర్‌లైన్ అబ్బాయి కేసు చేత్తో పట్టుకుని మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. దిగాక కూడా ఆయుధం బెల్ట్ మీద రాదని ఎవరైనా ముందే చెప్పి ఉంటే అంత ఏడుపు వచ్చేది కాదు. తర్వాత వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి.

రేంజ్‌లో గాలి నింపడానికి పొద్దున్నే లైనుంది. మా ముందున్న ఒడిశా అమ్మాయి అడాప్టర్ తేలేదు, అమ్ముది ఇచ్చింది, సరిపోయింది. ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువు ఆపాలనే పరీక్ష మొదటిసారే పాసైంది. ప్రయాణంలో వెనక సైటు (గురి చూసే భాగం) కొంచెం కదిలినట్టుంది, సైటింగ్ షాట్లలో (లెక్కలోకి రాని ట్రయల్ షాట్లు) అన్నీ ఎడమకి వెళ్ళాయి. రెండు క్లిక్కులు తిప్పుకుంది. అరవై షాట్లలో తన పాత బెస్ట్ కంటే నాలుగు పాయింట్లు ఎక్కువ కొట్టింది. పతకం రాలేదు. కానీ బయటికి వచ్చి నన్ను పట్టుకుని, "అమ్మా, వచ్చే ఏడాది కూడా ఫ్లైట్‌లోనే వెళ్దాం" అంది.

తిరుగు ప్రయాణంలో సిలిండర్ గాలి నేనే తీశాను. రేంజ్ బయట బెంచీ మీద కూర్చుని, చున్నీ చుట్టి పట్టుకుని. నిజంగానే వేళ్ళు జివ్వుమన్నాయి!

#18 పది పాయింట్ తొమ్మిది (హైదరాబాద్)

సూపర్ అక్కా! నాలుగు పాయింట్లు అంటే మాటలు కాదు. సైటు కదలకుండా ఉండాలంటే బయల్దేరే ముందు దాని మీద మార్కర్‌తో సన్నగా ఒక గీత గీయండి. దిగాక గీత కలిసిందో లేదో చూస్తే సరిపోతుంది.

#19 నిజామాబాద్ నాన్న

నమస్తే. మా వాడికి వచ్చే నెల భోపాల్‌లో పోటీ, ఎయిర్ రైఫిల్. కేసు పొడవు నాలుగడుగుల పైనే ఉంది, జాకెట్, ప్యాంటు, బూట్లు కలిపితే 15 కిలోలు దాటుతోంది. ఎలా సర్దుకున్నారు?

#20 అమ్ము వాళ్ళ అమ్మ (కొంపల్లి)

అన్నయ్య గారూ, మాతో పాటు ఢిల్లీ వచ్చిన రైఫిల్ పిల్లలు జాకెట్, ప్యాంటు మడిచి చేత్తో పట్టుకునే తెచ్చారు. అవి గట్టి కాన్వాస్ కాబట్టి పెద్దగా నలగవు. జేబులు మాత్రం ముందు రోజే తిరగేయండి. పెల్లెట్ ఒక్కటి దొర్లినా ఆపుతారు. కేసు బరువు, పొడవు రెండూ మెయిల్‌లో రాసి అదనపు సామాను టికెట్‌తోనే కొనేయండి, కౌంటర్‌లో కొంటే ఎక్కువ పడుతుంది. మెయిల్ నమూనా కావాలంటే ఇక్కడే పెడతాను, మీ వాడి పేరు, రైఫిల్ నంబరు మార్చుకుంటే చాలు.